సిమెంటు పట్టేదాకా

స్తంభాన్ని వదలకూడదు, అంతే, అంతకు మించి చెయ్యాల్సిందేమీ లేదు, రెండు చేతులతో పట్టుకుని కదలకుండా నిలబడితే చాలు, కింద గుంతలో పోసిన సిమెంటు కంకర తన పని తాను చేసుకుపోతుంది, దానికి మనిషి సాయం అక్కర్లేదు, మనిషి అడ్డు రాకుండా ఉంటే అదే పదివేలు. గోడౌను పెరట్లో కంచె వారగా, తన గుండెల ఎత్తున్న ఇనప స్తంభాన్ని వాటేసుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడతను. పెరటికి ఆ చివర, అవతలి కంచె మూల, అచ్చం ఇలాంటి స్తంభాన్నే అచ్చం ఇలాగే పట్టుకుని అతని బావ నిలబడ్డాడు. దారిన పోయేవాళ్లెవరైనా చూస్తే, మీసాలొచ్చిన మగాళ్లిద్దరు దాగుడుమూతలాడుతూ ఇద్దరూ దొంగలే అయిపోయారనుకుంటారు, కళ్లు మూసుకోవడం ఒక్కటే తక్కువ. మధ్యలో పెరడంతా ఖాళీ, ఎండ, లారీ చక్రాల జాడలు, ఒక మూల ఎవరో పారేసిన టైరు. మెల్లగా మాట్లాడితే వినపడేంత దగ్గరా కాదు, ముఖం కనపడనంత దూరమూ కాదు. మాట్లాడుకోవాలంటే అరవాలి. అరిచి చెప్పుకునే మాటలు కావు వాళ్లిద్దరి మధ్యా ఉన్నవి.

ఈ పట్టుకోవడం అసలు పనిలో భాగమే కాదు. పని తెలిసినవాడెవడూ ఇలా స్తంభాన్ని కావలించుకుని నిలబడడు. గుంత తవ్వి, అడుగున కంకర పరిచి, వైరు వచ్చే గొట్టాన్ని స్తంభం కడుపులోంచి పైకి లాగి, నిలువు చూసి, చుట్టూ ఆపుకర్రలు కట్టి, అప్పుడు సిమెంటు పోసి వెళ్లి టీ తాగుతాడు. ఆపుకర్రలు వాళ్లిద్దరి షాపులో తలుపు వెనకాల ఉన్నాయి. బావ వ్యానులో పెట్టాడని అతను అనుకున్నాడు, అతను పెట్టాడని బావ అనుకున్నాడు, తిలాపాపం తలా పిడికెడు. అది తెలిసేసరికి త్వరగా పట్టే రకం సిమెంటు మొత్తం నీళ్లు పోసి కలిపేశారు, ఇంకాసేపు ఆగితే తొట్టిలోనే రాయయ్యేలా ఉంది, గబగబా రెండు గుంతల్లో సగం సగం పోసేసి చెరొక స్తంభం దగ్గరికి పరిగెత్తారు. అక్క ఉన్న రోజుల్లో ఇలా జరిగేది కాదు. అక్క వ్యాను తలుపు దగ్గర నిలబడి పార, గునపం, కర్రలు, డ్రిల్లు, రసమట్టం, మంచినీళ్లు అంటూ బళ్లో హాజరు పిలిచినట్టు పిలిచేది. ఒక్కోదానికీ ఇద్దరిలో ఎవరో ఒకరు ఆఁ అనాలి, అనకపోతే వ్యాను కదలదు. ఆఖర్న మీ ఇద్దరి బుర్రలూ అనేది, వాటికి మాత్రం ఎవరూ పలికేవాళ్లు కారు. ఆమె పోయాక హాజరు పిలిచే పని ఎవరిదో ఇద్దరూ అనుకోలేదు. అప్పట్నుంచీ ఒకసారి డ్రిల్లు, ఒకసారి నిచ్చెన, ఏదో ఒకటి మర్చిపోతూనే ఉన్నారు. మర్చిపోయినప్పుడు ఒకరి మీద ఒకరు విసుక్కోరు, అదొక్కటి మాత్రం ఇద్దరూ తప్పకుండా పాటిస్తున్నారు.

రసమట్టాన్ని రబ్బరు బ్యాండుతో స్తంభానికి కట్టుకున్నాడు. అందులో పచ్చటి నీళ్లు, నీళ్లలో బుడగ, బుడగ రెండు గీతల మధ్య ఉన్నంతసేపూ స్తంభం నిలువుగా ఉన్నట్టు లెక్క. అది ఒక గీతకి రాసుకోగానే ఒంటిని కాస్త ఇటు వంచుతాడు, మళ్లీ మధ్యకొస్తుంది. రేపొచ్చి ఈ స్తంభానికొక పెట్టె, ఆ స్తంభానికొక పెట్టె బిగిస్తారు. ఆ పెట్టెలోంచి ఈ పెట్టెలోకి కంటికి కనపడని వెలుగు వస్తూ ఉంటుంది, దాన్ని ఎవరైనా అడ్డంగా దాటితే కాపలా గదిలో గంట మోగుతుంది. స్తంభం గట్టిగా లేక గాలికి ఊగిందా, దొంగ లేకుండానే మోగుతుంది, అప్పుడు తిట్లు తినేది దొంగ కాదు. ఇదంతా ఇందాక కాపలాదారుకి చెప్పాడు. ప్రశ్నలు అడక్కుండా ఉండలేని మనిషి ఆ కాపలాదారు. ఆపుకర్రలకి బదులు పనికొచ్చేదేమైనా ఉందా అని అడిగితే, వెళ్లి చాలాసేపు వెతికి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు, నిలబడి పట్టుకునే బదులు కూర్చుని పట్టుకోండి అని. ఇద్దరికీ ఒకటే కుర్చీ తేవడం న్యాయం కాదని తనకే తోచినట్టుంది, దాన్ని సరిగ్గా పెరటి నడిమధ్యన పెట్టేసి వచ్చాడు. పిల్లి దూరినా మోగుతుందా అని అడిగాడు. మోగదు, పైనొకటి కిందొకటి రెండు వెలుగులు ఉంటాయి, రెండూ ఒకేసారి తెగాలి, పిల్లికి అంత ఎత్తు లేదు. మరి లోపలికొచ్చే మనిషికీ బయటికిపోయే మనిషికీ తేడా తెలుస్తుందా అని అడిగాడు. తెలియదు, ఎటు దాటినా ఒకటే. "అంటే నేను టీకి పోయినా దొంగనేనన్నమాట," అని కాపలాదారు నిట్టూర్చి, గంట మోగక ముందే తాగేస్తే మేలని టీకి పోయాడు.

ఉదయం వ్యానులో బావ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "పనయ్యాక నీతో ఒక మాట చెప్పాలిరా," అన్నాడు. బావ ముందు కబురుపెట్టి తర్వాత మాట్లాడే రకం కాదు. చెప్పేది చెప్పేస్తాడు, చెప్పలేనిది మింగేస్తాడు, ఈ రెంటికీ మధ్య అతని దగ్గర ఇంకో పద్ధతి లేదు. అందుకే ఆ మాటేమిటో అప్పుడే తెలిసిపోయింది. తెలియడానికి పెద్ద తెలివి కూడా అక్కర్లేదు, ఒంట్లో నలత లేని మనిషి వారానికోసారి దగ్గుమందు కొనుక్కొస్తుంటే ఎవరికైనా తెలుస్తుంది. షాపు అల్మరాలో మేకుల డబ్బాల పక్కన దగ్గుమందు సీసాలు వరసగా ఉన్నాయి, ఒక్కదానికీ మూత తియ్యలేదు. ఆ మందుల షాపావిడని అతను ఒకటి రెండుసార్లు చూశాడు, కళ్లజోడు, పొడుగుచేతుల జాకెట్టు, చిల్లర తిరిగిచ్చేటప్పుడు మనిషి ముఖం చూసి ఇస్తుంది. చెడ్డమనిషిలా లేదు. అదే చిరాగ్గా ఉంది. చెడ్డమనిషైతే పని తేలికయ్యేది.

చిన్నదాని జడ దగ్గర అసలు సంగతి బయటపడింది. చిన్నది అంటే అక్క కూతురు, అక్క పోయేనాటికి ఇంకా సరిగ్గా మాటలు కూడా రాలేదు, అప్పట్నుంచీ అమ్మమ్మ దగ్గరా మేనమామ దగ్గరా పెరుగుతోంది. ఆదివారాలు బావ వచ్చి బయటికి తీసుకెళ్లి సాయంత్రానికి దింపేస్తాడు. మొన్నొక ఆదివారం జుట్టు విరబోసుకుని వెళ్లిన పిల్ల చక్కగా, బిగువుగా, ఒక్క వెంట్రుక లేవకుండా జడ వేసుకుని వచ్చింది. ఎవరు వేశారే అని అమ్మ అడిగింది. నాన్న వాళ్ల ఆంటీ అంది పిల్ల. అమ్మ పిల్లని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని ఆ జడ మొత్తం విప్పేసి మళ్లీ మొదట్నుంచీ తన చేత్తో అల్లింది, అల్లుతున్నంతసేపూ టీవీ వైపే చూసింది. పిల్ల తల పట్టుకుని, "ఆ ఆంటీ లాగదు అమ్మమ్మా," అంది. బుడగ గీతకి రాసుకుంది. ఒంటిని ఇటు వంచాడు.

ఇవ్వను, అంటాడు. సూటిగా అంటాడు. బావ పెళ్లి చేసుకుంటే చేసుకోనీ, ఎవరి బతుకు వాళ్లది, కానీ పిల్లని ఇవ్వను. కాదు, ఇవ్వను అంటే బాగుండదు, పిల్లని ఎలా ఇస్తాం బావా అనాలి, ఎలా అన్న మాట దగ్గర కాస్త నెమ్మదిగా. ఆవిడ ఇల్లు ఊరికి ఆ చివర, రెండు బస్సులు మారాలి, బడి మార్చాలి, పిల్లకి ధూళి పడదు, పడుకునేముందు ముక్కులో చుక్కలు వెయ్యాలి, కాకరకాయ అని చెప్పకుండా పెడితే తింటుంది, చెబితే తినదు, ఇవన్నీ ఆవిడకేం తెలుసు. చుక్కల సంగతి తెలిసే ఉంటుందిలే, మందుల షాపే కదా. మళ్లీ మొదటికొచ్చింది వ్యవహారం. నిన్న రాత్రి అమ్మతో అంటే, అమ్మ తన పక్షాన కత్తి పట్టుకుని నిలబడుతుందనుకున్నాడు. అమ్మ మాత్రం కంచాలు కడుగుతూ, ఎవడి పిల్లని వాడు తీసుకుపోతానంటే ఏ నోటితో కాదంటాంరా, అని కుళాయి కట్టేసింది. ఆ జడ విప్పిన చేతులు ఇవేనా అనిపించింది. పెద్దవాళ్ల కోపం చేతుల్లో ఉంటుంది, నోటిదాకా రాదు. అతనికి అన్నీ నోటి దగ్గరే ఉంటాయి, సమయానికి రావు.

పిల్ల ఇంట్లో లేకపోవడమంటే ఎలా ఉంటుందో ఊహించడానికి ప్రయత్నించాడు. పెద్దగా ఏమీ ఊహకు రాలేదు, మంచం కింద ఒంటి చెప్పు వచ్చింది. స్కూటరు ముందు నిలబడి అద్దం పట్టుకుని, అద్దంలో వెనక కనిపించే కుక్కలన్నిటికీ పేర్లు పెట్టడం వచ్చింది. అలాగే పోయినేడు ఒక బంగళాలో ఇలాంటి స్తంభాలకే పెట్టెలు బిగించి చూస్తున్నప్పుడు పిల్ల కూడా వచ్చింది, కనపడని తాడా మామయ్యా అని అడిగింది, అవునన్నాడు. అయితే గెంతేస్తానంది. గెంతితే లాభంలేదమ్మా, నువ్వు ఎంత గెంతినా తగులుతుంది అని చెబుతూనే ఉన్నాడు, గౌను రెండు చేతులా ఎత్తిపట్టుకుని పరిగెత్తుకొచ్చి గాల్లోకి ఎగిరింది, ఊరంతా వినపడేలా గంట మోగింది, పిల్ల మాత్రం తగల్లేదు తగల్లేదు అని చప్పట్లు కొట్టింది. ఆ రోజు బావ నవ్వాడు, తనూ నవ్వాడు, ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. అక్క పోయాక కలిసి నవ్వడం అదే మొదలు. అంతకుముందు బావ ఒంటరిగా ఒకసారి నవ్వాడు. అది అతనికి బాగా గుర్తు. అక్క పోయి నెల తిరగలేదు, టీ కొట్టు దగ్గర ఎవడో ఏదో జోకు వేస్తే బావ నవ్వాడు, పళ్లు కనిపించేలా. అతను గ్లాసు అక్కడ పెట్టేసి వచ్చేశాడు. ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది, జోకు ఏమిటో మాత్రం గుర్తులేదు. బావని ఎందుకు ఇంతగా కనిపెట్టుకుని ఉన్నాడో అతనికే తెలియదు. తను ఏడ్చినన్ని రోజులు బావ కూడా ఏడవాలని ఎదురుచూశాడేమో.

చేతులు తిమ్మిరెక్కాయి. ముక్కు దురద పెట్టింది, స్తంభానికేసి రుద్దుకున్నాడు, ఇనుము ఎండకి కాలి ఉంది, దురద పోయి మంట వచ్చింది. ఒక చీమ మోచేతి మీదుగా పైకి పాకుతోంది, ఊదాడు, గట్టిగా పట్టుకుంది, వదిలేశాడు. బావ వైపు చూశాడు. బావ పెదాలు కదులుతున్నాయి. ఫోను చెవికి లేదు, రెండు చేతులూ స్తంభానికే ఉన్నాయి, కానీ పెదాలు కదులుతున్నాయి, ఆగుతాయి, మళ్లీ కదులుతాయి. పాడుకుంటున్నాడేమో. కొత్తపెళ్లికొడుకు, పాడుకోకేం చేస్తాడు. చిరాకు తలదాకా పాకింది, బుడగ గీత దాటిపోయింది, కంగారుగా రెండు చేతులతో స్తంభాన్ని వెనక్కి లాగాడు, మరీ లాగాడు, అటు దాటింది, మళ్లీ మెల్లగా, మెల్లగా, మధ్యకి. సిమెంటు అప్పటికే చిక్కబడుతోంది, స్తంభం ఇందాకటంత తేలిగ్గా కదల్లేదు. ఇంకాసేపటికి ఎటు ఉంటే అటే ఉండిపోతుంది, తర్వాత ఎవరు లాగినా రాదు. ఒంకరగా పట్టిన స్తంభాన్ని పగలగొట్టి తియ్యాల్సిందే తప్ప సరిచెయ్యడం కుదరదని బావే నేర్పాడు, పని నేర్చుకునే రోజుల్లో. అప్పుడు తను ఊళ్లో ఉద్యోగం సద్యోగం లేక తిరుగుతుంటే, అక్క చెప్పిందని కాదు, తనంతట తనే పిలిచి వ్యాను తాళాలు చేతిలో పెట్టాడు బావ. ఒక్కటంటే ఒక్కరోజు కూడా నేను పెట్టిన భిక్ష అనలేదు. ఇది కూడా ఇప్పుడే గుర్తు రావాలా అనుకున్నాడు. కోపానికి కావలసిన సరుకు వెతుక్కోబోతే చేతికి ఇంకేదో తగులుతోంది.

అసలు భయం పిల్ల ఒక్కదాని గురించేనా. అక్క ఉంటేనే కదా బావ. మధ్యలో అక్క లేకుండా ఇన్నాళ్లు ఆ పిలుపు ఎలా నిలబడిందో, బహుశా పిల్లని పట్టుకుని నిలబడి ఉంటుంది. రేపు పిల్లా వెళ్లిపోయాక బావ ఒక షాపులో భాగస్థుడవుతాడు, పొద్దున కలిసి సాయంత్రం విడిపోయే మనిషి. ఆవిడకి అన్నదమ్ములుంటే వాళ్లు బావా అని పిలుస్తారు, అదే పిలుపు, అదే మనిషి. ఆ ఆలోచన దగ్గర ఆగి చాలాసేపు ఉండిపోయాడు. బాధగా ఉంది అని తనకు తానే చెప్పుకున్నాడు, ఎవరో పక్కింటాయన సంగతి చెప్పినట్టు. కంచె అవతల లారీ ఒకటి వెనక్కి వెళ్తూ పీప్ పీప్ మంటోంది. ఆకాశంలో ఏమీ లేదు.

జేబులోంచి మేకు తీసి, ఒక చేత్తో స్తంభాన్ని పట్టుకునే, వంగి సిమెంటు మీద గీశాడు. గీత పడలేదు, తెల్లటి చార మాత్రం పడింది. మేకు జేబులో పెట్టాడు. తర్వాత రెండో చెయ్యీ వదిలాడు. స్తంభం అలాగే ఉంది, అతను ఉన్నా లేకపోయినా ఒకటే అన్నట్టు. చేతులు మాత్రం వాటేసుకున్న వంపులోనే బిగుసుకుపోయాయి, దులిపితే గానీ తిన్నగా రాలేదు. ఆ చివర బావ కూడా చేతులు దులుపుకుంటూ పెరట్లోకి దిగాడు, కుర్చీ పక్కనుంచి నడిచి వస్తున్నాడు. దగ్గరికొచ్చేకొద్దీ బావ చొక్కా ముందు భాగమంతా తుప్పు చారలు కనిపించాయి. అతను తన చొక్కా చూసుకున్నాడు, అక్కడా అవే చారలు.

వచ్చి మొదట రసమట్టం చూశాడు బావ. బాగుందన్నట్టు తలాడించాడు. తర్వాత స్తంభాన్ని ఒకసారి తట్టాడు, తట్టాల్సిన అవసరం లేదు.

"ఇందాకట్నుంచీ అక్కడ వల్లించుకుంటూనే ఉన్నాను. ఇక్కడికొచ్చేసరికి అంతా పోయింది," అన్నాడు.

అతను రసమట్టానికి కట్టిన రబ్బరు బ్యాండు విప్పాడు.

"ఆవిడ సంగతి నీకు తెలుసుగా."

తెలుసన్నాడు.

"నువ్వు వద్దంటే మానేస్తానురా. మాటవరసకి అనట్లేదు. మీ అమ్మని అడిగే ధైర్యం నాకు లేదు, నిన్నే అడుగుతున్నా. కానీ చేసుకుంటే మాత్రం పిల్లని తెచ్చుకుంటాను. దానికి తల్లి ఎలాగూ లేదు. తండ్రినేమో ఆదివారం చుట్టాన్ని చేసేశాను."

బావ కళ్లు తడిగా లేవు. గొంతు మాత్రం బాగోలేదు. ఆస్పత్రిలో డాక్టరు బయటికొచ్చినప్పుడు కూడా ఇదే గొంతుతో ఇంకోసారి చూడండి సార్ అన్నాడు, అది ఇప్పటిదాకా ఎందుకు గుర్తు రాలేదో. ఎలా ఇస్తాం బావా అన్న మాట నాలుక మీద తయారుగా ఉంది, నెమ్మదిగా అనాల్సిన చోటుతో సహా. వద్దు అంటే చాలు, పిల్ల రేపు పొద్దున కూడా స్కూటరు ముందు నిలబడుతుంది, ఎల్లుండి కూడా. ఈ మనిషి నిజంగానే మానేస్తాడు, ఆ సీసాలన్నీ చెత్తబుట్టలో పడేసి ఇంకో మాట ఎత్తడు. అంత పని తన ఒక్క మాటకి అయిపోతుందని అతను గంటసేపట్లో ఒక్కసారి కూడా అనుకోలేదు. తనకు చెప్పేస్తారనుకున్నాడు, తనని అడుగుతారనుకోలేదు. చెబితే కొట్లాడేవాడు. అడిగితే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు.

"ఈ ఆదివారం అక్కని ఇంటికి తీసుకురా బావా," అన్నాడు. "అమ్మ మొదట ఏదో ఒకటి అంటుంది, నేను చూసుకుంటాలే. తర్వాత పిల్ల ముక్కు చుక్కలు, సామాను, అవన్నీ తనే ఆవిడకి చూపిస్తుంది."

బావ అర్థంకానట్టు చూశాడు. చూసి, "ఎవర్ని?" అన్నాడు, చాలా మెల్లగా.

తన నోట్లోంచి ఏ మాట వచ్చిందో అతనికి అప్పుడు వినపడింది. వెనక్కి తీసుకుందామా అనుకున్నాడు. ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాడు.

"అక్కని," అన్నాడు మళ్లీ, ఈసారి తెలిసే.